సగటు వానను నమ్మి కట్టిన ట్యాంకు: సోహ్రాలో ఒక హాస్టల్ అనుభవం

మాది అనంతపురం వైపు పల్లె. మా ఊళ్లో వానను మిల్లీమీటర్లలో ఎవరూ చెప్పరు. "ఒక పదును పడింది" అంటారు, లేదంటే "పదును చాల్లేదు" అంటారు. విత్తనం వేసేంతగా నేల తడిసిందా లేదా, అదొక్కటే వాళ్లకు కావలసింది. ఇంజనీరింగ్ చదివి, వాన నీటి ట్యాంకులు కట్టించే పనిలో చాలా ఏళ్లు గడిపాక, మేఘాలయలో నేను లెక్క వేసిన ట్యాంకు ఒకటి ఎండిపోయింది. మా వాళ్ల మాటలో ఎంత లెక్క ఉందో అప్పుడు అర్థమైంది. ఆ ట్యాంకు ఎందుకు ఎండింది, రెండోసారి లెక్క ఎలా మార్చాం అన్నది ఇక్కడ అంకెలతో సహా రాస్తున్నాను.

చోటు సోహ్రా. మనం బళ్లో చదువుకున్న చిరపుంజి అదే. అక్కడివాళ్లు మాత్రం సోహ్రా అనే అంటారు. తూర్పు ఖాసీ కొండల జిల్లాలో, సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైన ఉన్న చిన్న ఊరు. ఊరి అంచున ఒక బడి హాస్టల్ ఉంది. పిల్లలు, సిబ్బంది కలిపి 85 మంది. తాగడానికి, వంటకు, గిన్నెలు కడగడానికి మనిషికి రోజుకు 12 లీటర్లు చొప్పున 1,020 లీటర్లు కావాలి. స్నానాలకు, బట్టలకు కింద లోయ వైపు ఒక ఊట ఉంది. చలికాలంలో అది సన్నగా కారుతుంది. పిల్లలు డబ్బాలు పట్టుకుని మెట్లు దిగి, మళ్లీ ఎక్కాలి. పెద్దవాళ్లు ఖోహ్ అనే వెదురు బుట్టలో డబ్బాలు పెట్టి, పట్టీని నుదుటికి తగిలించుకుని మోస్తారు. పిల్లల చేత ఆ మోత మాన్పించాలన్నదే మమ్మల్ని పిలిచిన కారణం.

వార్డెన్‌ను అందరూ కాంగ్ అని పిలుస్తారు. ఖాసీలో అక్క అని గౌరవంగా పిలిచే మాట అది. నేనూ అలాగే పిలిచేవాణ్ని. మొదటి రోజే ఆవిడ నన్ను బా (అన్న) అని పిలిచి ఒక ప్రశ్న అడిగారు: "బా, మా ఊరికి ఎంత వాన పడుతుందో ప్రపంచమంతా చదువుకుంటుంది. ఎన్నాళ్లు పడదో ఎవరూ ఎందుకు రాయరు?" నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కానీ, పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు.

ముందు వాన సంగతి

సోహ్రా దీర్ఘకాలపు నెలవారీ సగటులు మిల్లీమీటర్లలో ఇవి. జనవరి 11, ఫిబ్రవరి 46, మార్చి 240, ఏప్రిల్ 938, మే 1,214, జూన్ 2,294, జులై 3,272, ఆగస్టు 1,760, సెప్టెంబరు 1,352, అక్టోబరు 549, నవంబరు 72, డిసెంబరు 29. మొత్తం 11,777. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం మీద పడేది దాదాపు 550. సోహ్రాలో ఒక్క అక్టోబరు నెలే మా జిల్లా ఏడాది వానతో సమానం.

ఇంత వాన ఎందుకంటే, బంగాళాఖాతం నుంచి తేమ నింపుకున్న గాలి బంగ్లాదేశ్ మైదానం మీదుగా అడ్డు లేకుండా వచ్చి, ఒక్కసారిగా నిలువుగా లేచిన ఖాసీ కొండల దక్షిణపు అంచును ఢీకొంటుంది. లోతైన లోయలు ఆ గాలిని గరాటులా లోపలికి పట్టి పైకి తోస్తాయి. పైకి లేచిన గాలి చల్లబడి, మోసుకొచ్చిన తేమనంతా అంచు మీదే దింపేస్తుంది. ఆ అంచు దాటి యాభై కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే షిల్లాంగ్. అక్కడ ఏడాదికి దాదాపు 2,200 మిల్లీమీటర్లే. మన మైదానాల్లో రుతుపవనాలకు విరామం వచ్చి, ద్రోణి హిమాలయాల పాదాలవైపు జరిగినప్పుడు మనకు ఎండ కాస్తుంది, వీళ్లకు కుండపోత. పైగా వాన ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున పడుతుంది. పగలు వచ్చి చూసి వెళ్లేవాళ్లకు దాని ఉధృతి సగమే తెలుస్తుంది.

ఏప్రిల్, మే అంకెలు చూడండి. రుతుపవనాలు రాకముందే 2,152 మిల్లీమీటర్లు. బెంగాల్ వైపు కాలబైశాఖి అనే ఉరుములు, ఈదురుగాలుల వానలు ఇక్కడ కొండకు తగిలి ఇంకా బలపడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేది 8,678, అంటే ఏడాదిలో దాదాపు 74 శాతం. ఆ తరువాత తలుపు మూసినట్టు ఆగిపోతుంది. గాలి దిక్కు మారి ఉత్తరం నుంచి, నేల మీదుగా పొడిగా వీస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నాలుగు నెలలూ కలిపి 158 మిల్లీమీటర్లు. ఏడాది మొత్తంలో అది ఒకటిన్నర శాతం కూడా లేదు.

పడిన నీళ్లు నేలలో నిలుస్తాయా అంటే అదీ లేదు. పైమట్టి పలచన, చెట్లు తక్కువ, కింద సున్నపురాయి, ఇసుకరాయి. వాలు నిలువు. నీళ్లు గుహల్లోకి, లోయల్లోకి, అక్కడి నుంచి బంగ్లాదేశ్ మైదానంలోకి వెళ్లిపోతాయి. అందుకే జులైలో జలపాతాల చప్పుడుకు మాట వినపడని ఊళ్లో జనవరిలో డబ్బా నీళ్లకు వరుస కడతారు. ఈ ఊరిని తడి ఎడారి అని రాసేవాళ్లు ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఎడారిలో ఏం ఉండదో అందరికీ తెలుసు కాబట్టి ముందే సిద్ధపడతారు. ఇక్కడ ఏడు నెలలు తడిసి ముద్దయ్యాక, కరువుకు సిద్ధపడమని చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మొదటి లెక్క

హాస్టల్ పైకప్పు జింకు రేకులు, 180 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. చిందిపోయేది, కారిపోయేది, మొదట పారబోసేది తీసేసి నూటికి 80 పాళ్లు దక్కుతాయనుకుంటే, ఒక మిల్లీమీటరు వానకు 144 లీటర్లు. ఏడాది వానతో గుణిస్తే దాదాపు 17 లక్షల లీటర్లు. హాస్టల్ ఏడాదంతా నిండా నడిచినా అవసరం 3.72 లక్షలు. ఒక్క జులైలో కప్పు నుంచి దక్కేదే 4.71 లక్షలు. ఈ అంకెలు చూసి డబ్బు ఇచ్చే సంస్థవాళ్లు పదివేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు చాలదా అన్నారు. వాన లేని రోజుల్లో అది పది రోజులు కూడా రాదని చెప్పి ఆపాను. అక్కడి వరకు నేను సరిగ్గానే ఉన్నాను.

తరువాత నెలవారీ పట్టిక వేశాను. ఈ కొండల్లో బడులకు పెద్ద సెలవులు చలికాలంలో ఇస్తారు. హాస్టల్ డిసెంబరు 15 తరువాత ఖాళీ అవుతుంది, ఫిబ్రవరి 16కు పిల్లలు తిరిగి వస్తారు. మధ్యలో కాపలా కుటుంబానికి రోజుకు 50 లీటర్లు చాలు. నవంబరులో అవసరం 30,600, వాన ఇచ్చేది 10,368. డిసెంబరులో 16,100కు 4,176. జనవరిలో అవసరం, రాబడి దాదాపు సరి. ఫిబ్రవరిలో 14,010కి 6,624. మార్చిలో అవసరం 31,620, రాబడి 34,560, అంటే కొంచెం మిగులు. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా లోటు కూడితే 39,508 లీటర్లు. నలభై వేల లీటర్ల ట్యాంకు చాలన్నాను. ఫెర్రోసిమెంట్‌తో (ఇనుప వల మీద సిమెంటు పూసి కట్టే పద్ధతి) గుండ్రంగా, అయిదు మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల పైచిలుకు ఎత్తుతో కట్టాం. సిమెంటు ట్యాంకు ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాన నీటికి సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది, సిమెంటులోని సున్నం దాన్ని తగ్గిస్తుంది.

ట్యాంకు పని వర్షాకాలానికి ముందే పూర్తయింది. జూన్‌లో నిండింది. అక్టోబరు చివరి వారం దాకా ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. కాంగ్ ఫోన్‌లో ఫోటోలు పంపేవారు. పిల్లలు ట్యాంకు గోడ మీద చేప బొమ్మలు వేశారు.

ఎండిపోయింది

ఆ ఏడాది నవంబరులో లెక్కలోకి వచ్చే వాన ఒక్కటీ పడలేదు. రోజుకు 1,020 లీటర్ల చొప్పున 40 వేల లీటర్లు 39 రోజులు వస్తాయి. డిసెంబరు మొదటి వారంలో కొళాయిలో గాలి వచ్చింది. సెలవులకు ఇంకా వారం పైగా ఉంది. పిల్లలు మళ్లీ డబ్బాలు పట్టారు. అదైనా నయం, కొద్ది రోజులే. ఫిబ్రవరి 16న పిల్లలు తిరిగి వచ్చేసరికి ట్యాంకు అడుగున పొడి మట్టి ఉంది. మార్చి మూడో వారంలో మొదటి గట్టి వాన పడేదాకా నెల రోజుల పైన, చదువుల మొదట్లో, పొద్దున పూట ఊట దగ్గరే గడిచింది.

నేను మార్చి మొదట్లో వెళ్లాను. కాంగ్ నిందించలేదు, కోప్పడలేదు. టీ ఇచ్చి, "ట్యాంకు బాగుంది బా, చిన్నదయింది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడుందో మరునాడు పాత వాన రిజిస్టరు తిరగేస్తే తెలిసింది. నవంబరు సగటు 72 మిల్లీమీటర్లు నిజమే. కానీ 72 మిల్లీమీటర్లు పడిన నవంబరు కోసం వెతికితే దొరకడం కష్టం. బంగాళాఖాతంలో ఆ నెలలో పుట్టిన తుపాను ఎప్పుడైనా ఇటు తిరిగితే రెండు రోజుల్లో వందల మిల్లీమీటర్లు పడతాయి. తిరగని ఏడాది ఏమీ ఉండదు. ఉదాహరణకు పది నవంబర్లలో రెండింట 300 చొప్పున, మిగిలిన ఎనిమిదింట 15 చొప్పున పడితే సగటు సరిగ్గా 72 వస్తుంది. ఆ సగటును నమ్మి ట్యాంకు కడితే పదింట ఎనిమిదేళ్లు పిల్లలకు నీళ్లుండవు. జులై అంకెతో ఈ బాధ లేదు. అప్పుడు దాదాపు రోజూ వాన పడుతుంది కాబట్టి సగటు ఆ నెల తీరును బాగానే చెబుతుంది. వాన రోజులు ఒకటి రెండుకు పడిపోయే నెలల్లో సగటుకు ఆ బలం ఉండదు. ఇది చదువుకున్న విషయమే. పట్టిక గీసే తొందరలో పన్నెండు గడులకూ ఒకే విలువ ఇచ్చేశాను.

మార్చి సంగతి ఇంకో రకం. నెల మొత్తానికి సగటు అవసరం కన్నా కాస్త ఎక్కువే. కానీ ఈదురుగాలుల వానలు నెల గడిచేకొద్దీ బలపడతాయి. పిల్లలకు దాహం మార్చి 1నే వేస్తుంది. నెల చివర పడే నీళ్లను నెల మొదట్లో తాగినట్టు నా పట్టిక చూపించింది.

రెండో లెక్క

ఈసారి కాంగ్ అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఎన్నాళ్లు పడదు? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన సున్నా అనుకున్నాను. పడితే పండగ, పడకపోతే లెక్క తప్పదు. మార్చిలో సగటులో సగం, అంటే 120 మిల్లీమీటర్లు మాత్రమే వేసుకున్నాను. ఆ సగం ఏ పుస్తకంలోంచీ తీసింది కాదు, రిజిస్టరు చూశాక నా మనసు ఒప్పుకున్నది అంతే.

నవంబరు 1 నుంచి డిసెంబరు 15 దాకా 45 రోజులు, ఫిబ్రవరి 16 నుంచి మార్చి 31 దాకా 44 రోజులు. మొత్తం 89 రోజులకు 90,780 లీటర్లు. మధ్య 62 రోజుల్లో కాపలా కుటుంబానికి 3,100. కలిపితే 93,880. మార్చి సగం వాన 17,280 ఇస్తుంది. నిల్వ ఉండాల్సింది 76,600. అదే కొలతలతో రెండో ట్యాంకు కట్టి, రెండింటినీ కింద పైపుతో కలిపాం. మొత్తం 80 వేలు.

చలికాలపు సెలవులే ఈ హాస్టల్‌ను కాపాడాయి. పిల్లలు ఏడాదంతా ఉండే చోటైతే నిల్వ ఇంకో 60 వేలు పెరిగేది, అంత స్థలమూ డబ్బూ లేవు. మన పాడేరు, అరకు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే ఒక మిత్రుడు ఈ లెక్క చూసి తనకూ పంపమన్నాడు. పద్ధతి పంపాను, అంకెలు వాడొద్దన్నాను. అక్కడ సెలవులు ఎండాకాలంలో ఇస్తారు. పొడి కాలం చలికాలంలోనే మొదలవుతుంది. పిల్లలు ఉండగా వాన లేని రోజులు ఎన్నో అక్కడి వాన రిజిస్టరు, అక్కడి బడి క్యాలెండరు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

రెండో లెక్కలో ఒక బలహీనత మిగిలింది, దాన్ని దాచను. అక్టోబరు 31న ట్యాంకులు నిండుగా ఉంటాయని అనుకున్నాం. వాన అక్టోబరు 20కే ఆగిపోతే ఆ పదకొండు, పన్నెండు రోజుల్లో దాదాపు 12 వేల లీటర్లు తగ్గిపోతాయి. మా దగ్గరున్న అదనం 3,400 మాత్రమే. మూడో ట్యాంకు కట్టలేం. అందుకే గోడ మీద గీతలు గీశాం. దాని సంగతి తరువాత చెబుతాను.

గట్టర్లు, మొదటి నీళ్లు, వానమాపకం

ఇంత వాన పడే ఊరు కదా అని, కప్పు అంచున నీరు పట్టే గట్టర్లు పెద్దవి వేయమని అందరూ చెబుతారు. 2022 జూన్ 17న సోహ్రాలో ఒక్క రోజులో 972 మిల్లీమీటర్లు పడింది. అలాంటి రోజున ఈ కప్పు నుంచి 1.4 లక్షల లీటర్లు దిగుతాయి. 1995 జూన్ 15, 16 తేదీల్లో రెండు రోజులకు 2,493 మిల్లీమీటర్లు పడి ప్రపంచ రికార్డుగా నిలిచింది. ఆ నీళ్లను పట్టాల్సిన పని మనకు లేదు. అప్పటికి ట్యాంకు ఎలాగూ నిండే ఉంటుంది. గట్టరు సెప్టెంబరు, అక్టోబరు వానలను, ముఖ్యంగా మార్చిలోని చిన్న జల్లులను ఒక్క చుక్క వదలకుండా పట్టాలి. అందుకని మధ్యరకం గట్టరు వేసి, వాలు సరిచూసి, అతుకుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాం. జూన్, జులై నీళ్లు గట్టరు దాటి దూకితే పునాది కోసుకుపోకుండా కింద రాళ్లు పరిచాం. ఓవర్‌ఫ్లో పైపు మాత్రం పెద్దదే పెట్టాం.

చలికాలమంతా కప్పు మీద దుమ్ము, పిట్టల రెట్టలు, గడ్డి కాల్చిన మసి పేరుకుంటాయి. మార్చిలో పడే మొదటి వాన ఎంత విలువైనదైనా, అందులో మొదటి రెండు మిల్లీమీటర్లు పారబోయాలి. అంటే దాదాపు 360 లీటర్లు. నీటి కోసం నెల రోజులు కష్టపడ్డ పిల్లలకు ఆ నీళ్లు వదిలేయమని చెప్పడం నాకు బాధగానే అనిపించింది. ఒక నిలువు గొట్టం పెట్టి, అది నిండాకే నీరు ట్యాంకులోకి మళ్లేలా చేశాం. ఆ 360 లీటర్లు మొక్కలకు పోతాయి. ట్యాంకులు కడగడం ఏప్రిల్ మొదటి వారంలో. అప్పటికి అవి అడుగంటి ఉంటాయి, ఏప్రిల్ వాన 1.35 లక్షల లీటర్లు ఇస్తుంది.

హాస్టల్ పెరట్లో ఒక వానమాపకం కూడా పెట్టాం. రోజూ ఉదయం 8.30కి చదవాలి, ముందు రోజు 8.30 నుంచి పడినదంతా ఆ రోజు తేదీ మీద రాయాలి. వాతావరణ శాఖ పద్ధతి ఇదే. కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు. గరాటు 200 చదరపు సెంటీమీటర్లు, లోపల పది లీటర్ల సీసా ఉంటే 500 మిల్లీమీటర్లకే నిండిపోతుంది. మన ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతారు. ఇక్కడ జూన్‌లో సీసా పొర్లి అంకె పోతుంది. అందుకని జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రి పడుకోబోయే ముందు కూడా ఒకసారి కొలిచి ఖాళీ చేయమని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించాం. చెట్టు ఎంత ఎత్తు ఉంటే దానికి రెట్టింపు దూరంలో మాపకం ఉండాలి. కొండ అంచున గాలి వానను పక్కకు కొడుతుంది, ఎంత జాగ్రత్త పడ్డా అంకె కొంచెం తక్కువే వస్తుంది. అందుకే ఇంకెవరి అంకెలతోనో పోల్చొద్దు, మీ పోయిన ఏడాదితో పోల్చుకోండి అని పిల్లలకు చెప్పాను.

గోడ మీద గీతలు

రెండు ట్యాంకులూ కలిసి ఒక సెంటీమీటరు లోతుకు 393 లీటర్లు. నిండుగా ఉంటే 204 సెంటీమీటర్లు. రోజుకు రెండున్నర సెంటీమీటర్ల పైన దిగుతుంది. పారదర్శక గొట్టం ఒకటి గోడకు బిగించి, పక్కన ఎర్ర రంగుతో తేదీలు రాశాం. డిసెంబరు 15 గీత 87 సెంటీమీటర్ల దగ్గర, ఫిబ్రవరి 16 గీత 79 దగ్గర. మధ్యలో వారానికొక చిన్న గీత. నీరు ఆ రోజు గీత కన్నా కిందకు వస్తే గిన్నెలు ఊట నీళ్లతో కడగాలి, ట్యాంకు వాడకం మనిషికి 12 నుంచి 9 లీటర్లకు దిగాలి. గీత మీదికి వచ్చాక మళ్లీ 12.

అక్టోబరులోనే వాన ఆగిపోతే ఏం చేయాలన్న దానికి మా జవాబు ఇదే. రోజుకు 255 లీటర్లు మిగిల్తే పోయిన 12 వేలల్లో అదనపు నిల్వ పోను మిగతాది 35 రోజుల్లో పూడుతుంది. వాన ముందుగా ఆగిందని అక్టోబరులోనే గుర్తిస్తే తగ్గింపు భరించగలిగేంత చిన్నది. ఫిబ్రవరిలో గుర్తిస్తే మళ్లీ డబ్బాలే.

రెండో చలికాలంలో నవంబరు చివర గీత కన్నా నాలుగు సెంటీమీటర్లు కిందకు వెళ్లారు. వారం రోజులు గిన్నెలు ఊట నీళ్లతో కడిగి పైకి తెచ్చారు. నేను ఫోన్ చేసి గుర్తుచేయలేదు. మార్చి 19న వాన పడేసరికి గొట్టంలో ఉండాల్సినన్ని నీళ్లు లేవు, కానీ కొళాయి ఆగలేదు. ఎక్కడ పోయాయో వెతికితే ఉత్తరం వైపు గట్టరు అతుకు ఫిబ్రవరి జల్లులను బయటికే వదిలేస్తోందని తెలిసింది. ఈ సెప్టెంబరులోపు దాన్ని మార్చాలి. కొత్త అతుకు కొలతలు కాంగ్ నిన్ననే పంపారు.